ఎకరా వెంట నడిచే డబ్బు

(ఆచార్య ఎన్.జి. రంగా స్మారక ఉపన్యాస పాఠం)



ఆచార్య గోగినేని రంగనాయకులు (ఎన్.జి. రంగా) గారు 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. డెల్టా పల్లెల జమాఖర్చులు రాశారు. ఏ కుటుంబం ఎంత పండించింది, ఎంత శిస్తు కట్టింది, ఎంత అప్పు తెచ్చింది అన్న వివరాలతో ఆ పరిశోధన 1926లో పుస్తకమై వచ్చింది. తరువాత వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. 1936లో అఖిల భారత కిసాన్ సభను నెలకొల్పినవారిలో ఆయన ఒకరు. 1995లో కన్నుమూసేదాకా రైతు మాటే మాట్లాడారు. వెంకటగిరి రైతులు జమీందారుతో పోరాడుతున్న ఆ సంవత్సరాల్లోనే, అమెరికాలో అర్కాన్సా రాష్ట్రపు ఒక పల్లెటూరి కౌంటీలో, పత్తి పండించే పేదలు మరో రకం సమస్యలో చిక్కుకున్నారు. వాళ్ల ప్రభుత్వం రైతులకు డబ్బు పంపడం మొదలుపెట్టింది. ఆ డబ్బు వాళ్ల దగ్గరికి రాలేదు. రంగా గారి పేరిట జరిగే సభలో ఆ కౌంటీ చరిత్ర వినిపించడం సముచితం.

ఈ ఉపన్యాసంలో వాదం ఒక్కటే. ప్రభుత్వం ఎకరానికి ఇంత అని సొమ్ము పంపితే, ఆ ఎకరా ఎవరి పేరున రాసి ఉందో వారికే అది ముందుగా చేరుతుంది. దున్నేవారికి చేరాలంటే దున్నేవారి పేరు రాసే పుస్తకం ఒకటి విడిగా ఉండాలి. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంది, ఎవరి సంతకంతో చెల్లుతుంది అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది.

1. కౌంటీ

అమెరికాలో రాష్ట్రం కింద ఉండే పాలనా విభాగం కౌంటీ. మన జిల్లాతో పోల్చుతారు గానీ జనాభాలో చాలా కౌంటీలు మన మండలంకన్నా చిన్నవి. అర్కాన్సా ఈశాన్యాన ఉన్న పాయిన్‌సెట్ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 23,000 మంది కూడా లేరు. ముఖ్య పట్టణం హారిస్‌బర్గ్. కౌంటీ మధ్యగా ఉత్తరం నుంచి దక్షిణానికి క్రౌలీ గట్టు అనే ఎత్తైన నేల సాగుతుంది. గట్టుకు తూర్పున సెయింట్ ఫ్రాన్సిస్ నది పల్లపు భూములు: మార్క్‌డ్ ట్రీ, లెపాంటో, టైరోంజా. ఒకప్పుడు అదంతా పత్తి. గట్టుకు పడమర వైపు వరి. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం అర్కాన్సాదే, అందులో ఈ కౌంటీ వాటా గట్టిది.

నేలను కొలవడానికి అక్కడా ఎకరానే, ఇక్కడా ఎకరానే. ఆంగ్లేయుల పాలన ఇద్దరికీ మిగిల్చిన కొలత అది. కాబట్టి ముందు వచ్చే లెక్కలను శ్రోతలు మనసులో మార్చుకోవలసిన అవసరం లేదు.

2. 1933: దున్నిపారేసిన పత్తి

1930ల మొదట్లో పత్తి ధర పౌనుకు ఆరు సెంట్ల దరిదాపులకు పడిపోయింది. గిడ్డంగుల్లో పాత సరుకు పేరుకుపోయి ఉంది. 1933 మే 12న రూజ్వెల్ట్ ప్రభుత్వం వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. చట్టం వెనక ఆలోచన సులువైనదే. సాగు తగ్గితే సరుకు తగ్గుతుంది, సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. సాగు తగ్గించుకున్నవారికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. 1909 నుంచి 1914 వరకు పంట అమ్మిన డబ్బుతో రైతు ఎంత సరుకు కొనగలిగేవాడో, ఆ కొనుగోలు శక్తిని తిరిగి తేవాలన్నది గురి. దాన్నే సమతా ధర అన్నారు.

చట్టం వచ్చేసరికే విత్తనం భూమిలో పడిపోయింది. అందువల్ల ఆ వేసవిలో మొలిచి ఎదిగిన పత్తినే దున్నించారు. దేశం మొత్తం మీద కోటి ఎకరాలకు పైగా పైరు మట్టిలో కలిసింది. సాలుల మధ్య నడవాలే తప్ప మొక్కను తొక్కరాదని చిన్నప్పటి నుంచి దెబ్బలు తిని నేర్చుకున్న కంచరగాడిదలు పత్తి మీద అడుగు వేయడానికి మొరాయించాయని ఆ తరం రైతులు చెప్పుకునేవారు. పచ్చటి చేనును తన చేత్తోనే పాడుచేయడం రైతుకు ఎంత కష్టమో ఈ సభకు వేరే చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు చెక్కు దగ్గర వచ్చింది. పత్తి పొలాల్లో పనిచేసేవారిలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. యజమాని భూమి, కంచరగాడిద, విత్తనం, ఇల్లు ఇస్తాడు. కుటుంబమంతా కష్టపడి పంట తీస్తుంది. పంటలో సగం యజమానిది. మన డెల్టాలో కోరు సేద్యం, సగపాలు అని పిలిచేదానికి అది దగ్గర. తేడా ఏమిటంటే అక్కడి కోరుదారు తిండిగింజలు కూడా యజమాని కొట్లోనే అప్పుకు తెచ్చుకోవాలి. ఏడాది చివర లెక్క చూసేసరికి చేతికి ఏమీ మిగలని ఏళ్లే ఎక్కువ. ప్రభుత్వానికి ఈ కుటుంబం కనిపించలేదు. దానికి తెలిసింది భూమి గల ఆసామి. ఒప్పందం రాసుకున్నది అతనితోనే.

1934, 35 సంవత్సరాల పత్తి ఒప్పందంలో రెండు రకాల చెల్లింపులు ఉన్నాయి. సాగు మానేసిన భూమికి అద్దెగా పౌనుకు మూడున్నర సెంట్లు. అది యజమానిదే. సమతా చెల్లింపు పౌనుకు ఒక సెంటు. అందులో మాత్రం కోరుదారుకు సగం. నాలుగున్నర సెంట్లలో సేద్యం చేసినవాడి పాలు అర సెంటు. ఆ అర సెంటైనా యజమాని చేతి మీదుగా రావాలి. పాత అప్పు కింద అతను జమకట్టుకుంటే అడిగే దిక్కు లేదు.

3. ఏడో నిబంధన

చెల్లింపుల పంపకం కంటే పెద్ద ఆపద ఇంకొకటి ఉంది. నూరు ఎకరాల్లో 40 ఎకరాలు పడావు పెడితే, ఆ 40 ఎకరాలు దున్నే కుటుంబాలు ఏం కావాలి? ఒప్పందం రాసినవారికి ఈ ప్రశ్న తట్టకపోలేదు. ఏడో నిబంధనలో యజమాని వీలైనంత వరకు మామూలు సంఖ్యలో కౌలుదారులను ఉంచుకోవాలనీ, వారిని ఇళ్లలోంచి తీసేయకూడదనీ రాశారు. ఆ ‘వీలైనంత వరకు’ అన్న మాటే కొంప ముంచింది. పాత కుటుంబాన్ని వెళ్లగొట్టి, సంఖ్య సరిచూపడానికి కొత్త కుటుంబాన్ని తెచ్చుకుంటే నిబంధన తప్పినట్టా కాదా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు.

1934లో టైరోంజా దగ్గర ఒక పెద్ద పత్తి కమతంలో కుటుంబాలను ఖాళీ చేయించారు. జూలైలో ఆ కమతం పక్క బడిలో 18 మంది సమావేశమయ్యారు. 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. రెండు జాతులకు రెండు సంఘాలు పెట్టాలా, ఒక్కటే పెట్టాలా అన్న చర్చ వచ్చింది. 1919లో అదే రాష్ట్రంలో ఎలైన్ దగ్గర సంఘం పెట్టుకున్న నల్లజాతి కౌలుదారులను పెద్ద సంఖ్యలో చంపారు. ఆ చేదు తెలిసిన ఒక నల్లజాతి పెద్దాయన, విడివిడిగా ఉంటే యజమానులు ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతారనీ, కలిసే ఉండాలనీ వాదించాడు. అందరూ ఒప్పుకున్నారు. దక్షిణ కౌలు రైతుల సంఘం అలా పుట్టింది. అది నడిపినవారిలో ముఖ్యులు హెచ్.ఎల్. మిచెల్, క్లే ఈస్ట్. మిచెల్‌ది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం, ఈస్ట్‌ది పక్కనే పెట్రోలు బంకు. ఆ రెండు కట్టడాల్లోనూ ఇప్పుడు అర్కాన్సా స్టేట్ యూనివర్సిటీ కౌలు రైతుల మ్యూజియం నడుపుతోంది.

సంఘం కోర్టుకు వెళ్లింది. ఒప్పందం ప్రభుత్వానికీ యజమానికీ మధ్య జరిగింది, కౌలుదారు అందులో పక్షం కాదు కాబట్టి దావా చెల్లదన్న వాదన నెగ్గింది. వాషింగ్టన్‌లో వ్యవసాయ సర్దుబాటు సంస్థలోని న్యాయ విభాగం అధిపతి జెరోమ్ ఫ్రాంక్. పాత కౌలుదారులనే ఉంచాలన్నది ఏడో నిబంధనకు సరైన అర్థమని 1935 ఫిబ్రవరిలో ఆయన విభాగం ఆదేశం పంపింది. సంస్థ అధిపతి చెస్టర్ డేవిస్ ఆ సమయంలో ఊళ్లో లేరు. తిరిగి రాగానే ఆదేశాన్ని రద్దు చేయించి ఫ్రాంక్‌ను, ఆయన తోటివారిని ఉద్యోగాల నుంచి తీయించారు. వ్యవసాయ శాఖ మంత్రి హెన్రీ వాలెస్ అందుకు సమ్మతించారు. అర్కాన్సా పరిస్థితిని స్వయంగా చూసి వచ్చిన న్యాయవాది మేరీ కానర్ మైయర్స్ నివేదికను బయటికి రానివ్వలేదు. దక్షిణ రాష్ట్రాల యజమానుల ఓట్లు లేకుండా కాంగ్రెస్‌లో ఏ చట్టమూ గట్టెక్కని కాలం అది. ఆ కారణం అర్థమవుతుంది. రోడ్డున పడ్డ కుటుంబాల ముందు మాత్రం అది కారణంగా నిలవదు.

4. వాటా పెరిగింది, వాటాదారు పోయాడు

ఈ దశ మీద కాస్త నిలవాలి. మన చర్చల్లో తరచూ జారిపోయే సంగతి ఇది.

1936 జనవరిలో సుప్రీంకోర్టు మొదటి చట్టాన్ని కొట్టేసింది. దాని స్థానంలో నేల సంరక్షణ పేరుతో కొత్త చట్టం, 1938లో మరో చట్టం వచ్చాయి. సంఘం పోరాటం ఊరికే పోలేదు. కొత్త ఏర్పాట్లలో చెల్లింపును పంటలో ఉన్న వాటా ప్రకారం పంచాలన్నారు. కోరుదారుకు తన చెక్కు తనకే వచ్చే వీలు కలిగింది. చూడ్డానికి న్యాయం జరిగినట్టే. అయితే పంటలో వాటా ఉంటేనే చెక్కులో వాటా. పంటలో వాటా లేకుండా చేస్తే? యజమానులు కోరు ఒప్పందాలు మాని, అవే కుటుంబాలను దినకూలీలుగా పెట్టుకోవడం మొదలుపెట్టారు. కూలీకి పంటలో పాలు లేదు, కాబట్టి చెక్కులోనూ లేదు. వచ్చిన డబ్బుతో ట్రాక్టర్లు కొన్నారు. ఒక్కో ట్రాక్టరు వచ్చి కొన్ని కుటుంబాల పని తీసుకుంది. దక్షిణాన కోరుదారుల సంఖ్య 1930లో 7,76,000 ఉంటే 1940కి 5,41,000కు తగ్గింది. ఇందులో కరవుకు, యంత్రాలకు, పట్నం పనుల ఆకర్షణకు కూడా భాగం ఉంది. అయినా సబ్సిడీ నిబంధనల పాత్రను ఆ కాలపు చరిత్రకారులు దాదాపు అందరూ గుర్తించారు.

పాయిన్‌సెట్‌కు ఉత్తరాన మిస్సోరి రాష్ట్రపు ఆగ్నేయ మూలలో 1939 జనవరిలో జరిగినది ఆ రోజుల ఫొటోల్లో నిలిచిపోయింది. వెళ్లగొట్టిన కుటుంబాలు, వెయ్యికి పైగా మనుషులు, రెండు జాతీయ రహదారుల పక్కన చలిలో మకాం వేశారు. ఆర్థర్ రోత్‌స్టీన్ తీసిన ఆ ఫొటోల్లో పొయ్యి, మంచం, కుర్చీ, మూట, వాటి మధ్య దుప్పట్లు కప్పుకున్న పిల్లలు కనిపిస్తారు. ఇంటి సామానంతా ఆకాశం కింద పెట్టుకున్నవారి పక్కనుంచే బళ్లు, కార్లు సాగిపోతుంటాయి. ఈ నిరసనకు నాయకుడు ఒవెన్ విట్‌ఫీల్డ్ అనే నల్లజాతి బోధకుడు. ఆయన కూడా కోరు సేద్యం చేసినవాడే.

సాగుదారుకు చట్టం కొత్త హక్కు ఇచ్చినప్పుడు, ఆ హక్కు పుట్టే చోటును, అంటే కౌలు ఒప్పందాన్ని, చెరిపేసే శక్తి యజమాని దగ్గర ఉంటే హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. ఈ మాటను శ్రోతలు చివరి భాగం దాకా గుర్తుంచుకోవాలని మనవి.

5. బేస్ ఎకరాలు

పాత కోరు సేద్యం పోయింది. ఇప్పుడు పాయిన్‌సెట్‌లో వ్యవసాయం చేసేవారు వందల, వేల ఎకరాలు చేస్తారు. వాళ్లలో చాలామంది చేసే భూమిలో ఎక్కువ భాగం కౌలుదే. వీరికి సొమ్ము ఏ లెక్కన వస్తుందో చూడాలి.

1996 వ్యవసాయ చట్టం పంటకూ చెల్లింపుకూ ఉన్న ముడి విప్పింది. గతంలో ఒక కమతంలో ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారో చూసి, ఆ చరిత్రను కమతానికి అంటించింది. వీటినే బేస్ ఎకరాలు అంటారు. వరి బేస్ ఉన్న పొలంలో ఈ ఏడు సోయా వేసినా, ఏమీ వేయకున్నా వరి చెల్లింపు వస్తుంది. రైతు ధర చూసి పంట ఎంచుకోవాలి గానీ సబ్సిడీ చూసి కాదు అన్నది దీని వెనకున్న సదుద్దేశం. 2002 నుంచి 2013 వరకు వరి బేస్‌కు వంద పౌన్లకు 2.35 డాలర్ల చొప్పున ఏటా కచ్చితమైన సొమ్ము వచ్చేది. ధర బాగున్న ఏళ్లలోనూ ఆగలేదు.

చరిత్రకు సొమ్ము ఇస్తే ఏమవుతుందో టెక్సస్ చూపించింది. ఎల్ కాంపో పరిసరాల్లో ఒకప్పటి వరి పొలాలను ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా అమ్మారు. పెద్ద పెరడుతో ఇల్లు కట్టుకున్నవారి పేరున కూడా వరి చెల్లింపు వచ్చింది. ఆ నేలకు వరి చరిత్ర ఉంది కదా. 2000 సంవత్సరం తరువాత ఏ సాగూ చేయనివారికి 130 కోట్ల డాలర్లు చేరాయని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2006లో రాసింది. 2014 చట్టం ఆ కచ్చితమైన చెల్లింపులను ఎత్తేసింది. బేస్ ఎకరాలను మాత్రం ఉంచింది.

ప్రస్తుత పద్ధతిలో రైతు రెండు పథకాల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటిది ధర పథకం. చట్టం ప్రతి పంటకూ ఒక ఆధార ధర రాస్తుంది. దేశం సగటు ధర అంతకన్నా తగ్గితే తేడా చెల్లిస్తారు. వరికి ఆధార ధర వంద పౌన్లకు 14 డాలర్లు ఉండగా 2025 చట్టం దాన్ని 16.90 డాలర్లకు పెంచింది. వంద పౌన్లంటే సుమారు 45 కిలోలు. లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఒక కమతానికి 100 ఎకరాల వరి బేస్, ఎకరానికి లెక్కలో రాసిన దిగుబడి 60 వందల పౌన్లు, ఆ ఏడు సగటు ధర 14 డాలర్లు అనుకుందాం. తేడా 2.90 డాలర్లు. ఎకరానికి 174 డాలర్లు. చెల్లింపు బేస్‌లో 85 శాతానికే కాబట్టి 85 ఎకరాలకు 14,790 డాలర్లు. ప్రభుత్వ వ్యయ నియంత్రణ కింద ఇందులో కొంత కోత పడుతుంది. ఈ మొత్తానికీ ఆ ఏడు పొలంలో కోసిన వడ్లకూ ఏ సంబంధమూ లేదు. ఇంకో సంగతి: సగటు ధర ఏడాదంతా అమ్మకాలు జరిగితే గానీ తేలదు. 2025 సెప్టెంబరులో కోసిన పంట ఏడాదికి డబ్బు 2026 అక్టోబరులో వస్తుంది. బ్యాంకువాడు వసంతంలో అప్పు ఇస్తూ ఆ అక్టోబరును లెక్కలోకి తీసుకుంటాడు.

రెండోది ఆదాయ పథకం. ఇక్కడ కౌంటీయే కొలబద్ద. కౌంటీ మొత్తం మీద ఆ పంట నుంచి ఎకరానికి వచ్చిన రాబడి, గత కొన్నేళ్ల సగటులో ఒక నిర్ణీత శాతం కంటే కిందికి పోతేనే చెల్లింపు. 2014 నుంచి ఆ శాతం 86, 2025 చట్టం తరువాత 90. తన పొలం మునిగినా కౌంటీ బాగా పండితే ఆ రైతుకు రాదు. తన పొలం బాగా పండినా కౌంటీ దెబ్బతింటే వస్తుంది. మన పంటల బీమాలో గ్రామాన్నో మండలాన్నో యూనిట్‌గా తీసుకున్నప్పుడు వచ్చే గోడు ఇదే. 2019లో చైనాతో వాణిజ్య వివాదం వల్ల నష్టపోయినవారికి ఇచ్చిన సాయంలో కౌంటీ గీత మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒక్కో కౌంటీకి ఒక్కో రేటు, ఎకరానికి 15 డాలర్ల నుంచి 150 దాకా. రోడ్డుకు ఇటు పొలానికో రేటు, అటు పొలానికో రేటు. మట్టి ఒకటే, పంట ఒకటే అయినా రెండు వేర్వేరు మొత్తాలు.

6. కౌంటీ కార్యాలయం

డబ్బు వాషింగ్టన్‌ది, లెక్క కౌంటీది. ఆ లెక్క చూసే వ్యవసాయ సేవా సంస్థకు దేశమంతటా రెండు వేలకు పైగా స్థానిక కార్యాలయాలు ఉన్నాయి. ప్రతి కమతానికీ ఒక నంబరు, అందులో ప్రతి ఖండానికీ ఒక నంబరు. వసంతంలో వేసిన పంటల వివరం జూలై 15 లోగా రైతు వచ్చి రాయించాలి. ఆకాశం నుంచి తీసిన పొలం పటం బల్ల మీద పరిచి, ఏ చెక్కలో ఏ పంట, ఎన్ని ఎకరాలు, నీరు పెట్టిందా లేదా అని 578 నంబరు ఫారంలో నమోదు చేస్తారు. అందులో ఒక గడి పంటలో ఎవరి వాటా ఎంత అని అడుగుతుంది. నగదు కౌలు అయితే కౌలుదారుదే నూరు శాతం. వాటా కౌలు అయితే వాటాల ప్రకారం. 1934లో టైరోంజా మనుషులు అడిగింది ఈ గడినే.

ఈ కార్యాలయాలపై పర్యవేక్షణకు రైతులే ఎన్నుకునే కౌంటీ కమిటీ ఉంటుంది. ముగ్గురు మొదలు పదకొండు మంది దాకా సభ్యులు, మూడేళ్ల పదవి. ఈ ఏర్పాటు కూడా 1930ల నుంచి వచ్చిందే. రైతుల పనిని రైతులే చూసుకోవడం గొప్ప ఆదర్శం. కానీ దక్షిణ కౌంటీల్లో దశాబ్దాల తరబడి ఆ కమిటీల్లో కూర్చున్నది పెద్ద భూస్వాములు, తెల్లవాళ్లు. నల్లజాతి రైతుల రుణాల దరఖాస్తులు విత్తు వేసే అదను దాటేదాకా పక్కన పడి ఉండేవి. అదను దాటాక వచ్చిన అప్పు ఎందుకూ కొరగాదు. ఆ అన్యాయం మీద నడిచిన పిగ్‌ఫర్డ్ దావాలో 1999లో రాజీ కుదిరింది, సుమారు వంద కోట్ల డాలర్ల పరిహారం చెల్లించారు. అప్పటికి గడువు అందుకోలేకపోయినవారి కోసం 2010లో మరో 125 కోట్లు కేటాయించారు. ఈలోగా భూమి పోగొట్టుకున్నవారి భూమి తిరిగి రాలేదు.

7. పరిమితి, కుటుంబం

ఒక మనిషికి ఇంతకు మించి ఇవ్వరాదన్న పరిమితి 1970లో వచ్చింది. మొదట పంటకు 55,000 డాలర్లు. 2025లో మొత్తం మీద 1,55,000. పరిమితి మనిషికి కాబట్టి మనుషుల సంఖ్య పెరిగింది. 1980లలో ఒకే సేద్యాన్ని అనేక సంస్థలుగా, ఆ సంస్థల్లో మళ్లీ సంస్థలుగా విడగొట్టే పద్ధతికి మిసిసిపీ క్రిస్మస్ చెట్టు అని పేరు పడింది. ‘వ్యవసాయంలో చురుగ్గా ఉన్నవారు’ అన్న నిర్వచనం బిగిస్తూ, సడలిస్తూ వచ్చారు. 2018 చట్టం పిన్ని, పెద్దమ్మ, మేనమామ, బాబాయి పిల్లలనూ, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలనూ కుటుంబ సేద్యంలో సభ్యులుగా లెక్కించడానికి ఒప్పుకుంది. భూపరిమితి చట్టం వచ్చినప్పుడు మన ఊళ్లలో రాత్రికి రాత్రి ఎన్ని పేర్ల మీద పట్టాలు పుట్టాయో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఇంతకన్నా వివరం అనవసరం.

8. కౌలులో కలిసే సొమ్ము

578 ఫారంలో గడి ఉంది, చెక్కు సాగుదారు పేరునే వస్తుంది. మరి సమస్య తీరిందా? చాలా వరకు తీరింది, పూర్తిగా కాదు. వరి బేస్ ఉన్న ఎకరానికి చెల్లింపు వస్తుందని కౌలుదారుకు తెలిస్తే యజమానికీ తెలుస్తుంది. వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేటప్పుడు ఆ సంగతి బేరంలోకి వస్తుంది. బారెట్ కిర్వాన్ అనే ఆర్థికవేత్త 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సబ్సిడీ డాలరులో సుమారు నాలుగో వంతు కౌలు పెరుగుదల రూపంలో యజమానికి చేరుతుందని తేల్చారు. ముప్పావు వంతు సాగుదారు దగ్గరే నిలిచిందన్నది కూడా అంతే ముఖ్యం. ఆయనకు ముందు చాలామంది మొత్తం యజమానికే పోతుందని ఊహించేవారు. కౌలు బేరం నెమ్మదిగా మారుతుంది. ఏళ్ల తరబడి ఒకే కుటుంబానికి ఇస్తూ వచ్చిన భూమికి ఏటా కౌలు పెంచడానికి మనుషులు సంకోచిస్తారు. ఆ సంకోచం సాగుదారుకు కొంత రక్ష.

9. ఇక్కడి పుస్తకం

తెలంగాణలో రైతుబంధు పెట్టుబడి సాయం 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు, మరుసటి ఏడు నుంచి 5,000. 2025 జనవరి 26న రైతుభరోసా పేరుతో అది 6,000 అయింది. మొదటి సీజనులో చెక్కులు ఊళ్లోనే పంచారు. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా విత్తనం కొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ మేలు నిజమైనది, దాన్ని తక్కువ చేయడం తగదు. అయితే అర్హతకు ఆధారం పట్టాదారు పాసు పుస్తకం. కౌలుదారు పేరు అందులో ఉండదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో రైతుల్లో 36 శాతం మంది కౌలుకు చేస్తున్నవారేనని తేలింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా అన్నమాట.

సాగుదారు పేరు రాసే పుస్తకం ఇక్కడ లేక కాదు. ఆంధ్ర ప్రాంతంలో అడంగల్, తెలంగాణలో పహాణీ. పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. కరణం, పట్వారీ ఏటా పొలం గట్టు మీద నిలబడి రాయవలసిన గడి అది. నిజాయితీగా రాసినచోట అది అమెరికా 578 ఫారంలోని వాటా గడి కంటే పాతదీ, సమగ్రమైనదీ. ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక తెలంగాణ పహాణీలో అనుభవదారు గడి పోయింది.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలు చెల్లే కార్డు. భూమి మీద ఏ హక్కూ కలగదని అందులోనే స్పష్టంగా రాశారు. అదే ఏడు అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన, అదే పేరున్న రైతుభరోసా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు కూడా 13,500 రూపాయలు ఇస్తానంది. కార్డు రావాలంటే మాత్రం యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే రేపు భూమికి ఎసరు వస్తుందని భయం, ఆ ఏటి సొమ్ము తనకు రాదని బెంగ. కార్డు అడిగిన కౌలుదారుకు మరుసటి ఏడు చేను దొరకదు. అందుకే అడగని కౌలుదారులే ఎక్కువ. నాలుగో భాగంలో గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ అన్వయిస్తుంది. ఏడో నిబంధన కాలంలో టైరోంజా యజమాని చేతిలో ఉన్న శక్తి, గుంటూరు జిల్లాలో మిరప చేను కౌలుకిచ్చే ఆసామి చేతిలో ఆ సంతకం రూపంలో ఉంది.

అదే రాష్ట్రంలో ఈ-పంట నమోదు ఉంది. ఊరి రైతు సేవా కేంద్రం సిబ్బంది చేలోకి వెళ్లి పంట ఫొటో తీసి, సర్వే నంబరు పక్కన సాగుదారు పేరు ఎక్కిస్తారు. వరదకు, గాలివానకు పైరు పోతే ఇచ్చే పెట్టుబడి రాయితీకి, పంటల బీమాకు ఆధారం ఆ నమోదే. 1934లో టైరోంజా బడిలో కూర్చున్న 18 మందికి లేనిది, యజమాని సంతకంతో పనిలేకుండా చేను దగ్గరే రాసే పేరు, ఇక్కడ ఒక మేరకు ఉంది. ఒక సీజనుకు ఒకే ఊళ్లో రెండు జాబితాలు తయారవుతున్నాయి. ఒకటి పాసు పుస్తకాలది, రెండోది ఈ-పంటది. నష్టపరిహారం రెండో జాబితాను చూస్తుంది. పెట్టుబడి సాయం ప్రధానంగా మొదటి జాబితానే చూస్తుంది.